పేరే రాయనివాడి పేరు ఎవరు కొట్టేస్తారు?



"మనసు సంగతి అల్లాహ్‌కీ బందాకీ మధ్యది. మధ్యలో సర్కార్‌కేం పని?"

జెహనీ బీమారీలకు ఇలాజ్ చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి, వాళ్ల మీద హుకూమత్ నిఘా ఉండాలి అని ఎవరన్నా అనగానే మన మధ్య వినిపించే మాట ఇది. నిఖా దావత్‌లో విన్నాను, మస్జిద్ మెట్ల మీద విన్నాను, పీజీలు చదివిన లెక్చరర్ సాబ్ నోటా విన్నాను. వినడానికి ఎంతో దీన్‌దారీగా ఉంటుంది. కానీ ఒక్కసారి హిసాబ్ వేయండి: ఈ మాట వల్ల ఫాయిదా ఎవరికి? మరీజ్‌కా? మరీజ్ తల్లికా? డబ్బు ముందే తీసుకుని, రసీదు ఇవ్వకుండా, ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా, రేపేదన్నా జరిగితే రాత్రికి రాత్రి ఫ్లెక్సీ పీకేసుకుని ఇంకో ఊరికి పోయేవాడికి!

మన గల్లీ చివర హలీం బట్టీ పెట్టేవాడికి ఫుడ్ సేఫ్టీ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. ఆటో తోలే మన పిల్లాడి జేబులో లైసెన్సు ఉండాలి. మందుల షాపు నడపాలంటే ఫార్మసిస్టు ఉండాలి. వీటిలో ఏదీ దీన్‌లో దఖల్ అని మనం ఎన్నడూ అనలేదు. తిండి పాడైతే కడుపు పాడవుతుంది, బండి తిరగబడితే ఎముక విరుగుతుంది, కాబట్టి నంబరు అడగడం సబబే అనుకున్నాం. మరి మన బిడ్డ జెహన్‌ని చేతిలోకి తీసుకునేవాణ్ణి "భాయ్, మీ రిజిస్ట్రేషన్ నంబరెంత?" అని అడగడానికి మాత్రం ఎందుకింత మొహమాటం?

ముందు ఎవరు ఎవరో తెలుసుకుందాం. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం ధోకా జరుగుతోంది.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టర్. జెహనీ బీమారీకి మందు రాయడం, మార్చడం, ఆపడం ఈయన పని. పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ సైకాలజీ చదివి, దవాఖానాలో మరీజుల మధ్య శిక్షణ పొందిన మనిషి. మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, పద్ధతి ప్రకారం మాటలతో ఇలాజ్ చేస్తారు. 1992 నాటి చట్టం ప్రకారం వీళ్ల పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సులు కూడా ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వీళ్లు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలి.

మరి కౌన్సెలర్? థెరపిస్ట్? లైఫ్ కోచ్? మైండ్ హీలర్? ఇక్కడే ఉంది పెద్ద సందు. ఈ పేర్లు ఎవడైనా పెట్టుకోవచ్చు. మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాడూ కౌన్సెలరే, ముప్పై ఏళ్లు దవాఖానాలో పనిచేసిన ఆపా కూడా కౌన్సెలరే. బోర్డు మీద రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. గరీబ్ అమ్మీ ఒకావిడ బిడ్డను వెంటేసుకుని వస్తే ఆ రెండు బోర్డుల మధ్య తేడా ఆమెకు ఎవరు చెప్పాలి?

ఖానూన్ లేదని కాదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు కూడా ఉన్నారు. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు పెట్టి, పేర్లు రాయించి, చదువు చూసి నంబరు ఇవ్వాలి. చట్టం వచ్చి మూడేళ్లయినా కౌన్సిళ్ల పని ముందుకు సాగకపోతే, 2024లో సుప్రీం కోర్టే తాఖీదు ఇవ్వాల్సి వచ్చింది. ఇంటి గోడకు తలుపు కోసం సందు వదిలి, తలుపు మాత్రం బిగించకపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఇక శిక్ష సంగతి వినండి. 1992 చట్టం ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు పెడితే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! అదే కేంద్ర మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక లైసెన్సు లేకుండా బండి నడిపితే జుర్మానా ఐదు వేలు. అంటే సర్కారీ తరాజులో ఒక మనిషి జెహన్‌తో ఆడుకోవడం, లైసెన్సు లేకుండా స్కూటీ తోలడంలో ఐదో వంతు గునా అన్నమాట. జైలు అని రాసుంది కదా అంటారా? రాసుంది. ఒక్కడన్నా జైలుకెళ్లిన కబురు మీ మొహల్లాలో ఎప్పుడన్నా విన్నారా?

ఇదంతా కితాబీ ముచ్చట అనుకునేవాళ్ల కోసం మా ఖాందాన్‌లో జరిగింది చెబుతాను. మా ఖాలా కూతురికి రెండో కాన్పయింది. చిల్లా ఇంకా పూర్తి కాలేదు. నిద్ర పోయింది. బిడ్డను ఎవరో ఎత్తుకుపోతారని భయం, గదిలోంచి బయటికి రాదు, పాలివ్వదు. అలవాటు ప్రకారం "సాయా పడింది" అన్నారు పెద్దవాళ్లు. అయినా అల్‌హందులిల్లాహ్, ఆమె భర్త గట్టివాడు. సర్కారీ దవాఖానాకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మాత్రలు రాసింది. మూడు వారాల్లో పిల్లకు నిద్ర తిరిగొచ్చింది.

అప్పుడు ఎవరో సలహా ఇచ్చారు, టౌన్‌లో మనవాడే ఒక కౌన్సెలర్ ఉన్నాడు, ఒకసారి చూపించండి అని. గోడ మీద తొమ్మిది సర్టిఫికెట్లు. ఒక్కదాని మీదా రిజిస్ట్రేషన్ నంబరు లేదు. మాట తియ్యన, మధ్యమధ్య ఆయత్‌లు. "ఈ మాత్రలు జెహన్‌ని గులామ్ చేస్తాయి బేటీ, ఆపెయ్యి. పన్నెండు సిట్టింగుల్లో నేను బాగు చేస్తాను" అన్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. పిల్ల మాత్రలు ఆపేసింది. రెండు వారాలు నిండకముందే ఒక రాత్రి బిడ్డను ఎత్తుకుని మిద్దె ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడింది. తహజ్జుద్‌కి లేచిన అత్తగారు చూసింది కాబట్టి సరిపోయింది. అల్లాహ్ రహమ్ చేశాడు. మళ్లీ అదే సర్కారీ దవాఖానా, అదే డాక్టరమ్మ, నెలల తరబడి ఇలాజ్. ఇప్పుడు బాగుంది, బిడ్డ బడికి పోతున్నాడు.

ఆ మనిషి అంతటితో ఆగలేదు. తర్వాత పెట్టిన ఒక వర్క్‌షాపులో పిల్ల పేరు చెప్పకుండానే కథంతా చెప్పాడట. ఏ వీధి, ఎవరింటి కోడలు, ఎన్నో కాన్పు, అన్నీ చెప్పాక ఇంక పేరెందుకు? ఆ వారం రోజులూ మా ఖాలా బయటికి రాలేదు.

మేం ఊరుకోలేదు. షికాయత్ ఇద్దామని బయల్దేరాం. పోలీసు స్టేషన్‌లో "ఏ సెక్షన్ కింద రాయమంటారు?" అన్నారు. డాక్టర్ల రిజిస్టర్ చూసే ఆఫీసులో "ఆయన డాక్టరే కాదు కదా, మాకెలా వస్తుంది?" అన్నారు. సైకాలజిస్టుల జాబితాలో వెతికితే పేరు లేదు. ఆయనేమో బోర్డు మీద సైకాలజిస్ట్ అని రాసుకోనే లేదు, లైఫ్ కౌన్సెలర్ అని రాసుకున్నాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అందరూ చేతులు ఎత్తేశారు. తప్పు చేసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేయొచ్చు. పేరే రాయనివాడి పేరు ఎవరు కొట్టేస్తారు?

లైసెన్సు అసలు అర్థం ఆ రోజు నాకు తెలిసొచ్చింది. అది డాక్టర్ గోడకు అలంకారం కోసం కాదు. మరీజ్ మజ్లూమ్ అయిన రోజున తట్టడానికి ఒక తలుపు. ఆ తలుపు లేకపోవడం వల్ల మా ఖాలా కూతురికి జరిగిన జుల్మ్ ఈ రోజుకీ ఏ కాగితం మీదా లేదు.

ఇంకో పెద్ద కాగితం ఉంది, దాన్ని మనం మరిచిపోయాం. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఎర్వాడి. అన్ని మతాలవాళ్లూ మన్నత్ పెట్టుకుని వెళ్లే దర్గా. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఆ ఊళ్లోని ఒక ప్రైవేటు "మెంటల్ హోమ్"లో నిప్పు అంటుకుంది. గడ్డి, తాటాకుల కప్పు. లోపల జెహనీ మరీజులు. కాళ్లకు జంజీర్లు. బయటికి పరిగెత్తడానికి వీల్లేదు. 28 మంది పోయారు. వాళ్లను అక్కడ వదిలి వెళ్లింది దుష్మన్లు కారు. అమ్మలు, అబ్బాలు, అన్నదమ్ములు. నెలనెలా డబ్బు పంపుతూ, షిఫా కోసం దువా చేస్తూ ఇంటి దగ్గర ఎదురుచూసినవాళ్లు.

దర్గాని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆ హోమ్ దర్గాది కాదు. దర్గా చుట్టూ అలాంటివి ఎన్నో వెలిశాయి. అకీదత్‌తో వచ్చిన జనాన్ని చూసి దుకాణాలు తెరిచారు. అప్పటికే 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఉంది, ఇలాంటి చోట్లకు లైసెన్సు తప్పనిసరి అని అందులో రాసుంది. ఆ హోమ్‌కి లైసెన్సు లేదు. జంజీర్లు దాచిపెట్టినవి కావు, దారిన పోయే ప్రతివాడికీ కనిపించేవి. చూసే జిమ్మేదారీ ఉన్న అఫ్సర్లు చూడలేదు. నిప్పు అంటుకున్నాక సుప్రీం కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది, హోమ్‌లు మూతపడ్డాయి, వందల మందిని సర్కార్ తన సంరక్షణలోకి తీసుకుంది. ఆ పని చేయించడానికి 28 జనాజాలు కావలసి వచ్చాయి.

కాబట్టి నా గొడవ ఇద్దరితో. చట్టం రాసి పడుకునే సర్కార్‌తో ఒకటి, చట్టమే వద్దనే మన పెద్దమనుషులతో ఒకటి. ఇద్దరూ కలిసి ఒకడి రొట్టెకే నెయ్యి రాస్తున్నారు.

మన పెద్దమనుషులకు మన తారీఖే జవాబు చెబుతుంది. బగ్దాద్‌లో ఇప్పటికి దాదాపు పదకొండు వందల ఏళ్ల కిందట, క్రీస్తు శకం 931లో, ఒక తబీబ్ పొరపాటు వల్ల ఒక మనిషి చనిపోయాడు. కబురు ఖలీఫా అల్ ముఖ్తదిర్‌కి చేరింది. ఆయన హుకుం జారీ చేశాడు: సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్ష పెట్టి ఇజాజత్ ఇస్తే తప్ప ఎవరూ తబీబ్‌గా కూర్చోకూడదు. ఒక్క బగ్దాద్‌లోనే 860 మందికి పైగా పరీక్షకు వచ్చారని ఆ కాలపు తబీబుల చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. ఒక్కొక్కరు ఏ ఇలాజ్‌కి పనికొస్తారో చూసి అంతవరకే ఇజాజత్.

అందులో ఒక ఖిస్సా ఉంది. మంచి బట్టలు కట్టుకున్న ఒక ముసలాయన వచ్చి సినాన్ ముందు దీనార్ల మూట పెట్టాడు. తనకు చదవడం రాయడం సరిగా రాదని, ఈ వృత్తి మీదే ఇల్లు గడుస్తోందని, రోజీ పోగొట్టవద్దని అడిగాడు. సినాన్ నవ్వి ఒక షరత్ పెట్టాడు: తెలియని బీమారీ జోలికి పోవద్దు, రక్తం తీయడం, గట్టి మందులివ్వడం చేయొద్దు. ముసలాయన అన్నాడట, నా జిందగీ అంతా నేను సికంజబీన్, గులాబ్ షర్బత్ దాటలేదు అని.

ఈ ఖిస్సా నాకు చాలా ఇష్టం. సినాన్ ఆ ముసలాయన్ని వీధిన పడేయలేదు. హద్దు గీశాడు, అంతే. కష్టం విని, ధైర్యం చెప్పి, నాలుగు మంచి మాటలు మాట్లాడే మనిషి మన మొహల్లాకు కావాలి. ఆ మనిషి ఇమామ్ సాబ్ కావచ్చు, టీచర్ ఆపా కావచ్చు. అది సికంజబీన్. కానీ బీమారీకి పేరు పెట్టడం, మాత్రలు ఆపించడం, మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం సికంజబీన్ కాదు. 2017 చట్టంలోనూ ఇదే ఉసూల్ ఉంది: తన వృత్తి అధికారమివ్వని మందును, ఇలాజ్‌ను ఎవరూ సిఫారసు చేయకూడదని. బగ్దాద్‌లో గీసిన గీతే మళ్లీ ఢిల్లీలో గీశారు. దాన్ని చూసి "దీన్‌లో దఖల్" అంటే సినాన్ ఇంకోసారి నవ్వుతాడు.

సునన్ అబూ దావూద్‌లో ఒక హదీస్ ఉంది. వైద్యం తెలియకుండా వైద్యుడిగా కూర్చున్నవాడు జరిగిన నష్టానికి తానే జామిన్ అవుతాడని ప్రవక్త (స) చెప్పినట్టు దాని సారాంశం. జామిన్ అంటే బాధ్యుడు, జవాబ్‌దార్. ఎవరు, ఎక్కడుంటాడు, ఏం చదివాడు అన్నది ఎక్కడా రాసి లేకపోతే రేపు జవాబ్ ఎవరిని అడుగుతాం?

ఇప్పుడు ఎదుటివాళ్ల మాటలు కూడా ఇన్సాఫ్‌గా విందాం. అవి ఊరికే కొట్టేయదగ్గవి కావు.

మొదటిది భయం. "ఇవాళ లైసెన్సు అంటారు, రేపు మన దర్గాలకు, మన హకీములకు తాళాలేస్తారు." మన బస్తీల్లో హుకూమత్ అంటే భయం గాలిలోంచి పుట్టలేదు, నాకూ తెలుసు. కానీ చట్టంలో ఏముందో చదవండి. మానసిక ఆరోగ్య వృత్తి నిపుణులు ఎవరు అని చెప్పే చోట సైకియాట్రిస్టులతో పాటు ఆయుర్వేదం, హోమియో, సిద్ధ, యునానీ పీజీలు చేసినవాళ్ల పేర్లు ఉన్నాయి. యునానీ దగ్గర "మొఆలజాత్, నఫ్సియాత్" అని మన లఫ్జ్‌లే వాడారు. అంటే చదువుకున్న హకీం సాబ్‌ని చట్టం బయటికి నెట్టలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అదే చట్టం ఇంకో మాట చెబుతుంది: ఒక మనిషి మతాన్ని బట్టి, కులాన్ని బట్టి, సమాజం పద్ధతులకు భిన్నంగా నడుస్తున్నాడన్న కారణంతో అతనికి జెహనీ బీమారీ ఉందని తేల్చకూడదు. రేపు ఎవడైనా డాక్టర్ మన పిల్ల హిజాబ్ చూసో, ఐదు పూటల నమాజ్ చూసో పిచ్చి అని రాస్తే ఆ కలాన్ని ఆపేది ఈ చట్టమే. ఇంట్లోవాళ్లు చెప్పిన రిష్తా వద్దన్న పిల్లను పాగల్ అని ముద్ర వేస్తే ఆ పిల్లను కాపాడేదీ ఈ చట్టమే. మనల్ని రక్షించే గోడను మనమే కూల్చుకుంటామా?

సర్కార్ ఒక్క మతం గడపనే తొక్కి, మిగతావి వదిలేస్తే? అప్పుడు నేనూ మీతో రోడ్డు మీదికి వస్తాను. ఆశ్రమమైనా, ప్రార్థనా మందిరమైనా, దర్గా పక్క షెడ్డు అయినా, తాగుడు మాన్పించే సెంటర్ అయినా, జెహనీ మరీజ్‌ని ఇలాజ్ పేరుతో లోపల ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఏ మతంవాడి కాలికైనా జంజీర్ జంజీరే. దాన్ని ఏ రూపంలోనూ వేయకూడదని 2017 చట్టం సాఫ్‌గా చెప్పింది. మనం అడగాల్సింది అందరికీ ఒకే తరాజు. మాకు తరాజే వద్దు అంటే మన మరీజుల హఖ్‌ని మనమే పారేసినట్టు.

దువాకీ దవాకీ కుస్తీ పెట్టాల్సిన పనీ లేదు. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. జెహనీ తక్లీఫ్‌లతో జనం వెళ్లే చోటు. అక్కడ "దవా దువా" పేరుతో దర్గా ఆవరణలోనే మనోవైద్యుల క్లినిక్ పెట్టారు. ముజావర్లకు శిక్షణ ఇచ్చారు. జియారత్ చేయించి, దువా చేసి, ఆ మరీజ్‌ని క్లినిక్‌కి పంపేది ముజావరే. ఎవరి ఇజ్జత్ తగ్గింది? ఆ పద్ధతి తర్వాత ఎర్వాడికీ వెళ్లింది. జంజీర్లు ఉన్న ఊరికి డాక్టర్ వచ్చాడు.

రెండోది కొరత. "ఉన్నదే పిడికెడు డాక్టర్లు. లైసెన్సు, లైసెన్సు అంటే గరీబులకు ఆ కౌన్సెలర్ కూడా దొరకడు." ఇది నిజమైన సవాల్. నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే వయసొచ్చినవాళ్లలో ప్రతి వందమందిలో పదిమందికి పైగా ఏదో ఒక జెహనీ తక్లీఫ్‌తో ఉన్నారని తేలింది. వాళ్లలో నూటికి 70 మందికి పైగా ఇలాజ్ అందడం లేదు. నిజమే. కానీ నీళ్లు తక్కువున్నాయని మురుగు తాగిస్తామా? గోవాలో సంగత్ అనే సంస్థ ఏం చేసిందో చూడండి. మామూలు చదువున్న స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టి, పైన సైకియాట్రిస్ట్ పర్యవేక్షణ పెట్టింది. ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన మరీజులకు మేలు జరిగిందని 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంటే అందరూ ఎండీలే కానక్కర్లేదు. శిక్షణ ఉండాలి, హద్దు ఉండాలి, పైన చూసే కన్ను ఉండాలి. ఆ మూడూ కాగితం మీద రాసి ఇస్తే దాని పేరే లైసెన్సు. కొరత ఉన్న చోట నకిలీ ఇంకా ప్రమాదం, ఎందుకంటే మరీజ్‌కి రెండో తలుపు ఉండదు.

మూడోది, "లైసెన్సున్న డాక్టర్లు మాత్రం దోచుకోవడం లేదా?" దోచుకునేవాళ్లు ఉన్నారు. రెండు నిమిషాలు కూడా వినకుండా చీటీ రాసేవాళ్లు, మరీజ్ ముందే "ఈమెకు తిక్క" అనేవాళ్లు ఉన్నారు. కానీ అతని పేరు ఒక రిజిస్టర్‌లో ఉంది. షికాయత్ ఇవ్వొచ్చు. మరీజ్ రాజ్‌ని కాపాడాలని చట్టం అతని మెడ మీద బరువు పెట్టింది. 2017 చట్టం ప్రకారం ఏర్పడే రివ్యూ బోర్డుల్లో జడ్జి స్థాయి మనిషితో పాటు మరీజుల తరఫున, వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల తరఫున మాట్లాడేవాళ్లకూ చోటు ఉంది. ఈ బోర్డులు మన జిల్లాల్లో సరిగ్గా నడుస్తున్నాయా అని అడగండి, నేనూ మీ వెనకే వస్తాను. సరిగ్గా నడవని బోర్డును నడిపించమని కొట్లాడొచ్చు. లేని బోర్డు మీద కొట్లాడేదెలా?

కాబట్టి సర్కార్‌ని మనం అడగాల్సినవి ఇవి. కౌన్సెలర్, థెరపిస్ట్, సైకాలజిస్ట్ అనే పేర్లు నమోదు లేకుండా ఎవరూ వాడుకోకుండా చూడండి. 2021 చట్టం కింద రాష్ట్ర కౌన్సిల్ నిజంగా పని చేయాలి. నమోదైన ప్రతి పేరూ తెలుగులో, ఉర్దూలో ఫోన్‌లో వెతుక్కునేలా ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే మొదటిసారి ఐదు వేల నుంచి యాభై వేలు, మళ్లీ మళ్లీ చేస్తే ఐదు లక్షల దాకా జుర్మానా అని చట్టంలో ఉంది, దాన్ని వసూలు చేయండి. మూడేళ్లకోసారి తనిఖీ అని రాసుంది, ఆ రిపోర్టు గేటు మీద అంటించండి. 1992 నాటి వెయ్యి రూపాయల మజాక్ ఇంక ఆపండి. తావీజ్‌తో, మంత్రంతో పిచ్చి, మూర్ఛ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నుంచే నేరం. రైల్వే స్టేషన్ గోడల మీద, కేబుల్ టీవీల్లో వస్తున్న బంగాలీ బాబాల ప్రకటనలు అఫ్సర్ల కళ్లకు ఎందుకు కనపడవు? అన్నిటికన్నా ముఖ్యం, జిల్లా దవాఖానాలో మా అమ్మీలతో మా జబాన్‌లో మాట్లాడే మనిషిని పెట్టండి. చట్టం ఉన్న చోట డాక్టర్ లేకపోతే జనం బాబా దగ్గరికే పోతారు, అందులో వాళ్ల తప్పు లేదు.

సర్కార్ కదిలే దాకా మన ఇంటి తలుపు దగ్గర మనమే ముహ్తసిబ్. మనసుకు ఇలాజ్ చేస్తానని ఎవరు చెప్పినా, ఎంత దీన్‌దార్ అయినా, ఎంత చుట్టం అయినా అడగండి: మీ పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది, నంబరెంత? డాక్టర్ల పేర్లు, క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు ఆయా కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో వెతకొచ్చు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లకు చెబితే ఐదు నిమిషాల్లో తీస్తుంది. డబ్బుకు రసీదు అడగండి. డాక్టర్ రాసిన మాత్రలు ఆపమని డాక్టర్ కానివాడు అంటే అక్కడే లేచి నిలబడండి. తలుపు వేసి ఆడపిల్లను ఒంటరిగా కూర్చోబెట్టమంటే, ఎందుకని అడగండి. కొట్టడం, కట్టేయడం, పస్తు పెట్టడం ఇలాజ్ అంటే అది ఇలాజ్ కాదు, జుల్మ్. ఈ సవాళ్లకు సిసలైన డాక్టర్, సిసలైన కౌన్సెలర్ కోపగించుకోరు. కోపం వచ్చినవాడి సంగతి మీకు అర్థమైపోయినట్టే.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక గుజారిష్. మెడికల్ క్యాంపు పెట్టినప్పుడు, కౌన్సెలింగ్ ప్రోగ్రాం పెట్టినప్పుడు స్టేజీ ఎక్కే మనిషి నంబరు పాంప్లెట్ మీద వేయండి. నంబరు లేనివాడిని మాట్లాడనివ్వండి, మన సినాన్ అన్నంత వరకే. సికంజబీన్ వరకు. జుమా ఖుత్బాలో ఒక్కసారైనా చెప్పండి, జెహనీ బీమారీ ఈమాన్ తక్కువైనందుకు రాదు, ఇలాజ్ తీసుకోవడం తవక్కుల్‌కి ఖిలాఫ్ కాదు అని. మీ నోట వచ్చిన ఆ ఒక్క మాట పది ఫ్లెక్సీలను దించేస్తుంది.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా ఈ రాత్రి నిద్రపోని మనిషి ఉంటే, ఆమెను తిట్టొద్దు, దాచొద్దు. టెలీ మానస్ అని సర్కారీ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో పెద్ద సర్కారీ దవాఖానాలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనే మాటను మనం తిట్టుగా వాడుకున్నన్నాళ్లు వాడుకున్నాం. ఇకనుంచి అది ఒక దవాఖానా ఉన్న చోటు పేరు, అంతే.

మీ దువాల్లో యాద్ ఉంచుకోండి. నంబరు అడగడం మాత్రం మరిచిపోకండి.

ఖుదా హాఫిజ్.